వెయ్యి జాతుల అడవిలో ఒక్క పిట్టా కనబడదేం?

దక్షిణ అమెరికా దేశమైన పెరూ ఆగ్నేయ మూలన, ఆండీస్ కొండలు దిగి అమెజాన్ అడవిలో కలిసేచోట మను జాతీయ ఉద్యానం ఉంది. 1973లో ఏర్పడింది, 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ నమోదైన పక్షిజాతులు 1,000కి పైమాటే. భారతదేశమంతా కలిపినా 1,300 చిల్లర. ఆ అంకె చూసి, ఏ టూరు కంపెనీ పొత్తూ లేకుండా సొంతంగా బయలుదేరినవాడు మొదటిరోజు అడవి బాటలో నాలుగు గంటలు నడిచి ఎన్ని పక్షుల్ని చూస్తాడు? చాలాసార్లు పది దాటవు. అందులోనూ సగం ఆకుల మధ్య నుంచి జారిపోయిన తోకలే. మెడ పట్టేస్తుంది, కళ్లద్దాలకు ఆవిరి పడుతుంది, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, చెవుల నిండా కూతలు మాత్రం మోగుతూనే ఉంటాయి.

కొల్లేరు గట్టు మీదో, నేలపట్టు చెరువు దగ్గరో పక్షులు చూడ్డం నేర్చుకున్నవాళ్లకు ఇది మరీ అవమానంగా ఉంటుంది. అక్కడ ఊరికే నిలబడితే చాలు, గూడబాతులూ కొంగలూ వేలకొద్దీ కళ్లముందే తిరుగుతాయి. మరి ప్రపంచంలోనే పక్షిజాతులు దండిగా ఉన్న అడవుల్లో ఒకటి ఇంత బోసిగా కనిపించడమేమిటి?

జవాబు ఒక లెక్కలో ఉంది. జాన్ టెర్బర్గ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు మను లోపలి కోచా కాషు పరిశోధన కేంద్రం దగ్గర 97 హెక్టార్ల ముక్కను ఎంచుకుని, అందులో ఏ పక్షి జంట ఎక్కడ కాపురముంటోందో పటాలు గీశారు. ఆ లెక్కలు 1990లో అచ్చయ్యాయి. 97 హెక్టార్లంటే దాదాపు 240 ఎకరాలు, హైదరాబాద్ కేబీఆర్ పార్కు కంటే చిన్నది. అందులో స్థిరంగా ఉంటున్న జాతులు 245. ఎకరానికో జాతి! ఇక్కడిదాకా సంబరమే. ఆ జాతుల్ని సంఖ్యాబలం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలిచే జాతికి 100 హెక్టార్లలో ఉన్నవి రెండున్నర జంటలు. అంటే వంద ఎకరాలకు ఒక్క జంట. ఇంచుమించు మూడోవంతు జాతులకు 100 హెక్టార్లకు ఒక జంటకు మించి లేదు. మన చెరువు వరిచేను లాంటిది, పైరు కొద్ది రకాలే గానీ ఒక్కోటీ కుప్పలుగా పండుతుంది. అమెజాన్ వెయ్యి రకాల విత్తనాలను రకానికో గింజ చొప్పున విసిరేసిన పొలం. రకాలు ఎక్కువ కావడమంటే ఒక్కో రకం అరుదు కావడమే.

ఈ ఒక్క సంగతి అర్థమైతే ప్రయాణం వేసుకునే తీరే మారిపోతుంది. పదిరోజుల్లో పది చోట్లు చుట్టేసేవాడికి ప్రతిచోటా దొరికేది ఆ వంద ఎకరాల్లో ఒక మూల, ఒక ఉదయం. ఒకేచోట మూడురోజులు మకాం వేసినవాడికి ఆ జంట ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడే తీరుతుంది. బృందంతో వెళ్లినవాళ్లకు బస్సు బయలుదేరే వేళ ఉంటుంది. సొంతంగా వెళ్లినవాడికి ఉన్న సొమ్మల్లా ఆగగలగడమే. చిత్రమేమిటంటే సొంతంగా వెళ్లేవాళ్లలో చాలామంది ఆ సొమ్మును వాడుకోకుండా, టూరు కంపెనీవాళ్ల కార్యక్రమాన్నే కాపీ కొట్టి అంతకంటే వేగంగా పరిగెత్తుతారు.

అడవి బోసిపోవడానికి రెండో కారణం ఇంకా సరదాగా ఉంటుంది. ఉన్న ఆ కొద్ది పక్షులూ అడవంతా సమానంగా పరుచుకుని ఉండవు, గుంపుకట్టి తిరుగుతాయి. ఒకే జాతి గుంపు కాదు, పదీ పదిహేను జాతుల నుంచి జాతికో జంట చొప్పున వచ్చి కలిసిన ఉమ్మడి కాపురం. గంటసేపు ఆకు కదలదు. ఉన్నట్టుండి నలువైపులా రెక్కలు. ఎటు చూడాలో తేల్చుకునేలోపే గుంపు దాటిపోతుంది, మళ్లీ నిశ్శబ్దం.

ఈ గుంపుల గుట్టు కూడా కోచా కాషులోనే బయటపడింది. చార్లెస్ మన్, టెర్బర్గ్ కలిసి 1979లో ప్రకటించినదాని ప్రకారం ఇవి దారినపోయే గుంపులు కావు. ఒక్కో గుంపుకు కొన్ని హెక్టార్ల సొంత జాగా ఉంటుంది. అందులోని జంటలన్నీ అదే సరిహద్దును పంచుకుంటాయి. పక్కగుంపు హద్దు దగ్గర ఎదురైతే ఏ జాతి జంట ఆ జాతి జంటతో తగువు పెట్టుకుంటుంది. తెల్లవారగానే గుంపంతా చేరే చోటు కూడా దాదాపు ఖాయం. అందర్నీ అక్కడికి పిలిచేది యాంట్‌ష్రైక్ అనే బూడిదరంగు పిట్ట. గుంపుకు కాపలాదారూ అదే. మిగతావి ఆకులు తిరగేస్తూ పురుగులు వెతుకుతుంటే ఇది కాస్త పైన కూర్చుని డేగ వస్తే అరుస్తుంది. ఆ అరుపు వింటే అన్నీ ఉన్నచోటే బిగుసుకుపోతాయి.

కాపలా ఉచితం కాదు. మిగతా పక్షులు కదిపిన పురుగు గాల్లోకి లేచినప్పుడు దానికోసం యాంట్‌ష్రైకూ దూకుతుంది, పురుగును కదిపిన పక్షీ దూకుతుంది. సరిగ్గా ఆ క్షణంలో, డేగ ఎక్కడా లేకపోయినా, యాంట్‌ష్రైక్ హెచ్చరిక కూత కూస్తుంది. ఎదుటిది ఒక్క లిప్తపాటు తడబడుతుంది. పురుగు దీని నోట్లో పడుతుంది. మన్ 1986లో ఈ సంగతి బయటపెట్టాడు. నల్లమలలో గుంపుల వెంట తిరిగే ఏట్రింత (డ్రాంగో) జాతుల్ని ఎరిగినవాళ్లకు ఇది మరీ కొత్తేం కాదు. ఇతర పక్షుల గొంతులు అనుకరించి బెదరగొట్టడం ఆ కుటుంబానికి వెన్నతో పెట్టిన విద్య. సముద్రాలకు అటొకటి ఇటొకటిగా ఉన్న, దగ్గరి చుట్టరికం లేని రెండు కుటుంబాలు ఒకే ఉద్యోగంలో చేరి ఒకే రకం మోసం నేర్చుకున్నాయి.

సొంతంగా వెళ్లేవాడికి దీనిలో చేతికందే సూత్రం ఒకటుంది. మొదటిరోజు ఒక గుంపు ఎక్కడ ఎదురైందో, ఏ వేళకో రాసిపెట్టుకోవాలి. మర్నాడు తెల్లవారుజామునే అదేచోటికి పోయి యాంట్‌ష్రైక్ పిలుపుకోసం కాచుకోవాలి. గుంపు ఎక్కడికీ పోదు, అది దాని ఊరు. మొదటిరోజు రెండు జాతులు గుర్తుపడితే రెండోరోజు ఆరు, మూడోరోజుకు ఎవరు ఎవరి వెనక వస్తారో తెలిసిపోతుంది.

ఇక చెవి సంగతి. 1982లో టెడ్ పార్కర్, స్కాట్ రాబిన్సన్ అనే ఇద్దరు కోచా కాషు చుట్టుపక్కల ఒక్కరోజులో 331 జాతులు లెక్కపెట్టారు. దశాబ్దాలపాటు అదొక గీటురాయిగా నిలిచింది. అన్నీ కళ్లతో చూశారనుకుంటే పొరపాటు. చీకట్లోనూ ఆకుల చాటునా కూసేవాటిని గొంతు పట్టి గుర్తించడమే పార్కర్ విద్య. ఆయన రికార్డు చేసిన పక్షి కూతలు 10,000కి పైగా ఉన్నాయి. 1993లో ఈక్వడార్‌లో అడవుల సర్వే చేస్తుండగా విమానం కూలి చనిపోయాడు, అప్పటికి నలభై ఏళ్లే. ఆయన తలలో ఉన్నది ఇవాళ కొంతవరకు అందరి జేబుల్లోకీ వచ్చింది. 2005లో ఇద్దరు డచ్చివాళ్లు మొదలుపెట్టిన జెనో-కాంటో అనే కూతల భాండాగారం తొలుత మధ్య, దక్షిణ అమెరికా పక్షుల కోసమే పుట్టింది. మెర్లిన్ అనే ఫోన్ యాప్ కూత విని పేరు చెబుతుంది. అయితే అమెజాన్‌లో యాప్ మాటను నూటికి నూరుపాళ్లు నమ్మకూడదు. నాలుగు కూతలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, వెనక వాగు హోరు ఉంటే అదీ తడబడుతుంది. బయలుదేరే ముందు నెలరోజులు రోజుకో ఐదు కూతలు విని మనసులో వేసుకోవడం, పాతకాలంలో ఎక్కాలు వల్లెవేసినట్టు, ఇప్పటికీ మంచి పద్ధతి.

ఆ రికార్డింగులనే స్పీకర్లో వినిపించి పక్షిని బయటికి రప్పించే అలవాటొకటుంది. తన జాగాలోకి పరాయి మగపక్షి చొరబడిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకొస్తుంది. ఒక్కసారైతే పెద్ద నష్టం లేదేమో. రోజూ పదిమంది వచ్చిపోయే బాట పక్కన అదే పక్షికి అదే హింస. నా మటుకు స్పీకరు ఇంట్లో వదిలి వెళ్లడమే మేలనిపిస్తుంది.

మనుకు సొంతంగా వెళ్లేవాళ్లకు దొరికే అసలు భాగ్యం అడవి కాదు, ఒక రోడ్డు. ఒకప్పటి ఇంకా సామ్రాజ్యపు రాజధాని కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ్నుంచి పౌకర్‌తాంబో మీదుగా అకనాకో కనుమ ఎక్కితే 3,500 మీటర్లు. కనుమ దాటిన క్షణం నుంచి రోడ్డు తూర్పువాలు దిగడమే. 3,000 మీటర్ల దగ్గర వాయ్‌కెచా పరిశోధన కేంద్రం, 1,400 దగ్గర శాన్ పెద్రో, 600 దగ్గర పిల్కోపాటా, ఆ కింద అటలాయా రేవు. ఆపకుండా పోతే ఒక పగటి ప్రయాణం. పక్షులు చూసేవాళ్లకు వారం కూడా చాలదు.

ఘాట్ రోడ్డు గొప్పతనం మారేడుమిల్లి ఘాట్‌లో నడిచినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. లోయ వైపు నిలబడితే కింద మొలిచిన చెట్టు కొన మన కళ్లకు సమానంగా ఉంటుంది. అడవి లోపల మెడ విరుచుకుని చూసినా దొరకని పక్షి ఇక్కడ ఎదురుగా కాయ కొరుకుతుంటుంది. రెండో గొప్పతనం, ప్రతి కొన్ని వందల మీటర్ల దిగువకూ పక్షులు మారిపోతాయి. పైన నీలి బూడిద రొమ్ముతో కొండ టూకాన్ ఉంటుంది, కింద దాని ఊసే ఉండదు. ఒకే కుటుంబం పక్షులు మెట్టుమెట్టుకూ వేరు.

ఎందుకలా? మన రామచిలుక జనవరిలో ఆదిలాబాద్ చలికీ మేలో రామగుండం ఎండకూ ఓర్చుకుంటుంది. ఒకే ఏట 40 డిగ్రీల తేడా చూసిన పక్షికి కొంచెం ఎత్తు మారినంత మాత్రాన ఏమీ కాదు. భూమధ్యరేఖ దగ్గరి కొండల మీద అలా కాదు. ఒక ఎత్తులో ఏడాది పొడుగునా దాదాపు ఒకటే వేడి, వెయ్యి మీటర్లు దిగితే మాత్రం ఐదారు డిగ్రీలు పెరుగుతుంది. తరతరాలుగా ఒకే వాతావరణంలో పుట్టిపెరిగిన ప్రాణికి పక్కమెట్టే పరదేశం. ఉష్ణమండలంలో కొండ కనుమలు ఉన్నదానికంటే ఎత్తయిన అడ్డుగోడలవుతాయని డానియెల్ జాన్జెన్ 1967లో రాసిన వ్యాసం సారాంశం ఇదే. వేడి ఒక్కటే కారణం కాదు, పైమెట్టులో దాయాది జాతి కాపురముంటే కిందిది అక్కడికి ఎక్కలేదనీ టెర్బర్గ్ పెరూ కొండల్లోనే చూపించాడు. రెండు కారణాలూ కలిసే పనిచేస్తుంటాయి.

ఈ మెట్లు ఇప్పుడు కదులుతున్నాయి. ఇదే ప్రాంతంలోని పాంటియాకోయా అనే కొండవరసపై 1985లో పక్షుల్ని ఎత్తులవారీగా లెక్కపెట్టారు. 2017లో మరో బృందం అదే బాటన మళ్లీ ఎక్కింది. వేడి పెరగడంతో జాతులు సగటున పైకి జరిగాయి. మొదట శిఖరం దగ్గరే ఉన్న జాతులకు ఇంకా పైకి పోవడానికి కొండ లేదు. వాటిలో కొన్ని రెండోసారి అసలు కనిపించనే లేదు. ఆ అధ్యయనం 2018లో వెలువడింది. పాత పుస్తకంలో ఎత్తు చూసుకుని ఫలానా మలుపు దగ్గర ఫలానా పక్షి కోసం కాచుకునేవాళ్లు ఇంకాస్త పైమలుపు దాకా నడవడం మంచిది.

పలచగా చెదిరిన పక్షులు ఏదో పనిమీద ఒకచోట పోగయ్యే తావులు మూడున్నాయి. శాన్ పెద్రో దగ్గర తెల్లవారుజామున పెరూ జాతీయ పక్షి కాక్ ఆఫ్ ద రాక్ మగవాళ్లు పోగై గెంతుతూ అరుస్తూ పోటీపడతారు. ఒళ్లంతా మండే నారింజ, రెక్కలు నలుపు, ముక్కును కప్పేసే గుండ్రటి జుట్టు. క్వెచువా భాషలో టుంకి అంటారు. ఆడపక్షి వచ్చి ఎంచుకుని వెళ్లిపోతుంది, గూడూ పిల్లలూ ఒంటరిగా ఆమె బాధ్యతే. దిగువన నది పాత మలుపులు తెగిపోయి మిగిలిన వంపు చెరువులుంటాయి, వాటిని కోచా అంటారు. అక్కడ హోయాట్‌జిన్ అనే పక్షి ఆవు లాగా ఆకులు తిని, గొంతు కింది మేతసంచిలో పులియబెట్టుకుంటుంది. దాని పిల్లల రెక్కలకు గోళ్లుంటాయి. పాము కనిపిస్తే నీళ్లలో దూకి, ఈదుకుంటూ వచ్చి, గోళ్లతో మళ్లీ కొమ్మెక్కుతాయి.

మూడోది కోల్పా, అంటే మట్టిగట్టు. బ్లాంకియో, తాంబోపాటా గట్లమీద పొద్దున్నే వందలాది చిలుకలూ మకావులూ వాలి బంకమన్ను కొరుక్కు తింటాయి. పచ్చికాయల్లోని విషాన్ని మట్టి పీల్చుకుంటుందని చాలాకాలం చెప్పుకున్నారు, ప్రయోగశాలలో మట్టికి ఆ గుణం ఉన్నట్టు తేలింది కూడా. కానీ గట్టులో అన్ని పొరలూ ఉండగా పక్షులు ఒక పొరనే ఎందుకు వెతుక్కుంటాయి? ఆ పొరను పరీక్షిస్తే తేలింది సోడియం, అంటే ఉప్పు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు వానతోపాటు దారిపొడుగునా రాలిపోతుంది. అట్లాంటిక్‌కు వేల కిలోమీటర్ల దూరాన, ఆండీస్ అడుగున ఉన్న ఈ అడవికి చేరేసరికి ఏమీ మిగలదు. పైగా పిల్లల్ని పెంచే కాలంలోనే గట్టుకు రద్దీ ఎక్కువ. తల్లిదండ్రులు ఆ మన్ను తెచ్చి పిల్లల నోట్లో పెడతాయి. ఉప్పువైపే మొగ్గు ఎక్కువగా కనిపిస్తోంది, విషం కథను మాత్రం పూర్తిగా కొట్టేయలేం.

సొంతంగా అంటే ఎంతవరకు సొంతం? రోడ్డు ఉద్యానం అంచున పోతుంది, దానిమీద ఎవరైనా నడవొచ్చు, దారిలోని లాడ్జిల్లో ఉండొచ్చు. మను నది వెంట లోపలి భాగానికి మాత్రం అనుమతి ఉన్న సంస్థతోనే వెళ్లాలి. ఇది వ్యాపారం కోసం పెట్టిన అడ్డు అని విసుక్కునేవాళ్లుంటారు. లోపల మాష్కో పీరో వంటి, బయటి ప్రపంచానికి దూరంగా ఉంటున్న జనం ఉన్నారు. మనకు మామూలు జలుబు వాళ్లకు ప్రాణాంతకం. ఆ గేటు అక్కడే ఉండాలి.

మే నుంచి అక్టోబరు వరకు వానలు తక్కువ. తర్వాత కొండచరియలు విరిగి రోడ్డు మూతపడటం మామూలే. పక్షులు ఎక్కువగా కూసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో కాబట్టి నన్నడిగితే ఆ రెండు నెలలే. జూన్, జూలై, ఆగస్టుల్లో దక్షిణం నుంచి ఫ్రియాహే అనే చలిగాలి అప్పుడప్పుడూ ముంచుకొస్తుంది, అడవి కదాని స్వెట్టరు లేకుండా పోయినవాడు వణుకుతాడు. విమానం దిగిన రోజే కుస్కోలో తిరగడం మొదలుపెడితే ఆ ఎత్తుకు తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. రెండురోజులు కుస్కో పక్కనున్న పవిత్ర లోయలో తక్కువ ఎత్తున పడుకోవడం నయం. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంజెన్ వీసాల్లో ఏదైనా ఒకటి కనీసం ఆరు నెలలు చెల్లుబాటయ్యేది ఉంటే భారత పాస్‌పోర్టుతో పెరూకు వేరే పర్యాటక వీసా అక్కర్లేదన్న వెసులుబాటు ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది, టికెట్టు కొనేముందు రాయబార కార్యాలయం సైట్లో సరిచూసుకోవాలి.

చాలామంది మరిచేది తిరుగు ప్రయాణం. పెరూ నుంచి ఇండియాకు వచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకపోతే ఇక్కడి విమానాశ్రయంలో ఆరు రోజులదాకా క్వారంటైన్ చేయొచ్చు. టీకా వేసుకున్న పదిరోజుల తర్వాతే ఆ పసుపు కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

గైడు కావాలా వద్దా అన్న వాదన తెగదు. 1986లో కడప లంకమల దగ్గర, అంతరించిందనుకున్న కలివికోడి మళ్లీ దొరికింది పుస్తకాలు చదివినవాళ్ల వల్ల కాదు, రాత్రిపూట దీపంతో పిట్టలు పట్టే స్థానికుడి వల్ల. మను రోడ్డు మీదా అంతే. మొదటి రెండురోజులు స్థానిక గైడును పెట్టుకుని, అతని చెవులు అరువు తెచ్చుకుని, ఆ తర్వాత అదే బాటలో ఒంటరిగా నడవడం నాకు నచ్చిన ఏర్పాటు.

అరువు చెవులు ఎందుకో యాంట్‌పిట్టాలు చెబుతాయి. కోడిగుడ్డుకు పొడుగాటి కాళ్లు అతికించినట్టుండే ఈ పక్షులు తడి అడవి నేలమీద గెంతుతూ తిరుగుతాయి, ఎవరికీ సులువుగా కనబడవు. వాటిలో ఒకే జాతి అనుకున్న ఎర్రగోధుమరంగు యాంట్‌పిట్టాను 2020లో కూతలూ జన్యువులూ పోల్చిచూసి డజనుకు పైగా జాతులుగా విడగొట్టారు. చూడ్డానికి ఇంచుమించు ఒకటే, గొంతులే వేరు. ఈక్వడార్‌లో ఏంజెల్ పాస్ అనే రైతు రోజూ వానపాములు వేసి, పేరుపెట్టి పిలిచి, ఒక భారీ యాంట్‌పిట్టాను మచ్చిక చేసుకున్నాడు. దాన్ని చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం అతని పొలానికి వస్తారు.

ఆ పేరులోని పిట్టా మన పిట్టే. ఆసియా అడవుల్లో నేలమీద తిరిగే రంగురంగుల పక్షులకు యూరప్ శాస్త్రవేత్తలు తెలుగు మాటనే ప్రజాతి పేరుగా పెట్టుకున్నారు. తర్వాత అలాంటి ఆకారమే దక్షిణ అమెరికాలో కనిపిస్తే దానికి ముందు చీమను తగిలించారు. వాయ్‌కెచా బాటలో మంచు దిగే వేళ కూర్చుంటే ఎరుపు తెలుపు యాంట్‌పిట్టా కూత పది అడుగుల అవతల పొదలోంచి వస్తుంది. కాసేపటికి అదే కూత బాటకు అటువైపు నుంచి. ఎప్పుడు దాటిందో తెలియదు.